మార్చి 23న మీ ఊళ్ళో సభ పెడుతున్నారా? ఒకసారి ఇలా చేసి చూడండి

భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లని లాహోర్ జైల్లో ఉరి తీసింది 1931 మార్చి 23న. ఏటా ఆ రోజు వస్తుంది, ఎవరో ఒకరు ఫ్లెక్సీ కట్టిస్తారు, దండ వేస్తారు, ఫొటో దిగుతారు, అక్కడితో సరి. అలా కాకుండా ఆ కుర్రాళ్ళు ఎవరో ఊళ్ళో పిల్లలకి నిజంగా తెలియాలి, దానికోసం ఒక సాయంత్రం కూర్చుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాది భీమవరం దగ్గర కాలవగట్టు ఊరు. కొన్నేళ్ళుగా చేస్తున్నాం.

మొదటి ఏడాది చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. స్టేజీ వేసి ఏడుగుర్ని పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టాం, ఒక్కొక్కరూ అరగంట చొప్పున మాట్లాడారు. భగత్‌సింగ్ వేషం వేసిన రెండో తరగతి పిల్లాడు తన వంతు కోసం చూసీ చూసీ అమ్మ ఒళ్ళోనే నిద్రపోయాడు, అంటించిన మీసం ఒక పక్క ఊడి ఆమె చీరకి అతుక్కుపోయింది. వాడు చెప్పాల్సింది నాలుగే నాలుగు ముక్కలు, వారం రోజులు బట్టీ పట్టాడు. ఆ రాత్రే అనుకున్నాం, ఇక స్టేజీ వద్దు, ముఖ్య అతిథులు వద్దు అని. ఎంత పెద్దవాళ్ళు వచ్చినా కిందే, జంపఖానా మీదే. మాట్లాడాలనుకుంటే మూడు నిమిషాలు. ఈ మాట పిలిచేటప్పుడే చెప్పేయండి, ఆనక మొహమాటం ఉండదు.

ఆ రోజుల్లోనే పదో తరగతి పరీక్షలు జరుగుతుంటాయి కాబట్టి ఆ పిల్లల జోలికి వెళ్ళొద్దు, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళు చాలు. సభ సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టండి. ఉరి తీసింది రాత్రి ఏడున్నర ప్రాంతంలో, సభ ఆ వేళకి పూర్తయ్యేలా చూసుకోవాలి. రామాలయం అరుగైనా, లైబ్రరీ ముందు జాగా అయినా ఫరవాలేదు. మైక్‌సెట్ చిన్నది చాలు, స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచండి, చర్చిలోగానీ మసీదులోగానీ ఆ వేళకి ప్రార్థన ఉందేమో అడిగి సర్దుకోండి. కాలవ పక్కనైతే సందెవేళ దోమలు పిల్లల్ని కూర్చోనివ్వవు, ఓ పక్కన వేపాకు పొగ వెయ్యండి.

ఫొటో విషయంలో కాస్త పట్టుదలగా ఉండాలి. పసుపు తలపాగా, చేతిలో పిస్తోలు ఉన్న బొమ్మ చిత్రకారుల ఊహ. టోపీ పెట్టుకున్న ఫొటో అసలుది, 1929 ఏప్రిల్‌లో ఢిల్లీ కాశ్మీరీ గేట్ దగ్గర స్టూడియోలో తీయించుకున్నాడు. అదయ్యాక కొద్ది రోజులకే, ఏప్రిల్ 8న, బటుకేశ్వర్ దత్‌తో కలిసి అసెంబ్లీలో బాంబు వేశాడు. ఆ ఫొటోనే పెట్టండి, పిల్లలు దాన్ని చూస్తే కాలేజీ బస్సు ఎక్కే అన్నయ్యలా ఉన్నాడంటారు. ఇంకొకటి, భగత్‌సింగ్ ఫొటో ముందు కొబ్బరికాయ కొట్టొద్దు, హారతి ఇవ్వొద్దు. తనకి దేవుడి మీద నమ్మకం లేదని జైల్లో ఉండగా స్వయంగా రాసుకున్న మనిషి. దండ చాలు, ఆయన మాటకి ఆ గౌరవం ఇద్దాం.

ఇప్పుడు అసలు సంగతి, వయసులు. మా సభ మారింది దీనివల్లే. ఒక్కొక్కరి పేరూ, చనిపోయేనాటి వయసూ పెద్ద అక్షరాలతో అట్టల మీద రాయండి. ఖుదీరామ్ బోస్ 18. కర్తార్‌సింగ్ సరాభా 19. ప్రీతిలతా వద్దేదార్ 21. రాజ్‌గురు 22. భగత్‌సింగ్ 23, సుఖ్‌దేవ్ 23. జతిన్ దాస్ 24, చంద్రశేఖర్ ఆజాద్ 24. అల్లూరి సీతారామరాజు 26. తర్వాత ఊళ్ళో సరిగ్గా అదే వయసున్న వాళ్ళని వెతికి పిలుచుకురండి, ఆ అట్ట వాళ్ళే పట్టుకుని నిలబడాలి. డిగ్రీ చదివేవాళ్ళనే చూడొద్దు. మా దగ్గర 19 అట్ట పట్టుకున్న అబ్బాయి రొయ్యల చెరువు మీద మేత వేస్తాడు. పని నుంచి తిన్నగా వచ్చేశాడు, పిక్కల మీద బురద ఇంకా ఆరలేదు. కర్తార్‌సింగ్ అమెరికాకి చదువుకోవడానికి వెళ్ళి, గదర్ అనే తెల్లదొరల వ్యతిరేక పత్రిక అచ్చువేసే పనిలో చేరి, సైన్యంలో తిరుగుబాటు లేవదీద్దామని 1914లో తిరిగొచ్చి, మరుసటి ఏడాది నవంబర్‌లో లాహోర్‌లో ఉరికంబం ఎక్కాడని ఓ ఎనిమిదో తరగతి పాప చదువుతుంటే, ఆ అబ్బాయి అట్ట తిప్పి తనవైపు పెట్టుకుని ఆ అంకె చూసుకున్నాడు. ఉపన్యాసంతో ఇది రాదు.

ఒక్కొక్కరి గురించీ పది వాక్యాలకి మించొద్దు, ఒకే ఒక సంఘటన చెప్పించండి. జతిన్ దాస్ అయితే రాజకీయ ఖైదీలని మనుషుల్లా చూడమని అడుగుతూ జైల్లో 63 రోజులు నిరాహారంగా ఉండి 1929 సెప్టెంబర్ 13న చనిపోయాడు, అది చాలు. ప్రీతిలత అయితే చిట్టగాంగ్ దగ్గర పహాడ్తలీలో యూరోపియన్ క్లబ్ మీద దాడికి ముందు నడిచింది, గాయపడ్డాక పట్టుబడకుండా విషం మింగింది. ఖుదీరామ్ దగ్గర కొంచెం ఆగాలి. ముజఫర్‌పూర్‌లో కింగ్స్‌ఫర్డ్ అనే జడ్జి కోసమని వేసిన బాంబు వేరే బండి మీద పడి, ఏ పాపం తెలియని తల్లీకూతుళ్ళు ఇద్దరు చనిపోయారు. ఇది దాచొద్దు. దాస్తే పిల్లలు రేపు ఫోన్‌లో చదివి, మనం చెప్పిన మిగతావి కూడా అబద్ధాలేమో అనుకుంటారు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది, ఫిబ్రవరి 14న భగత్‌సింగ్‌కి ఉరిశిక్ష వేశారని ఏటా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంది. అది తప్పు. తీర్పు వచ్చింది 1930 అక్టోబర్ 7న. పిల్లలు తెచ్చిన కాగితాలు రెండు రోజుల ముందే తీసుకుని తేదీలు సరిచూడండి. ఊళ్ళో లైబ్రరీ ఉంటే అక్కడికే పంపండి. భీమవరం చుట్టుపక్కల వాళ్ళకి కుముదవల్లి ఉంది, అక్కడి వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం 1897 నాటిది.

మన డెల్టాలో సభ అయితే అల్లూరితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. విగ్రహం అందరూ చూస్తారు గానీ ఆ కుర్రాడు మన రోడ్ల మీదే నడిచాడని పిల్లలకి తెలియదు. వాళ్ళ సొంతూరు మోగల్లు. నాన్న ఫొటోగ్రాఫర్, చిన్నప్పుడే పోయాడు. భీమవరం బడికి కొవ్వాడ నుంచి రోజూ నడిచి వచ్చేవాడు, ఆ ఏడాది పరీక్ష తప్పాడు కూడా. చించినాడలో స్నేహితుడి ఇంట్లో ఉండి గుర్రపుస్వారీ నేర్చాడు. పరీక్ష తప్పాడన్న మాట తప్పకుండా చెప్పించండి, వెనక కూర్చునే పిల్లలు అప్పుడే మెడలు పైకెత్తుతారు.

అయితే అల్లూరిని ఒక్కణ్ణే చెప్పి వదిలేస్తే అన్యాయం. అది మన్యం వాళ్ళ పోరాటం. అడవి చట్టాలు పోడు చెయ్యనివ్వలేదు, మన్యంలోని గూడెం అనే ప్రాంతంలో బాస్టియన్ అనే అధికారి రోడ్డు పనికి సరిగ్గా కూలి ఇవ్వకుండా మనుషుల్ని పిండుకున్నాడు. పోడంటే ఏమిటో మాగాణి పిల్లలకి తెలియదు, కొండవాలు మీద చెట్లు కొట్టి కాల్చి గింజలు చల్లుకోవడం అని విడమర్చి చెప్పాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు కొట్టి 26 తుపాకులు పట్టుకుపోయిన రోజుల్లో అల్లూరి పక్కన నడిచినవాళ్ళు గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా పేరు లేని ఎందరో. ఆ పేర్లు కూడా అట్టల మీదకి ఎక్కాలి. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరిని చెట్టుకి కట్టి కాల్చేశారు. వీలైతే ఆ తేదీన కూడా ఇంకో సభ పెట్టుకోండి, సెలవులు కాబట్టి పిల్లలు ఊళ్ళోనే ఉంటారు, ఎండ వల్ల పొద్దున్నే ముగించాలి.

ఏడు ఇరవైకల్లా చదవడం ఆపించి, చిన్నవాళ్ళని ప్రశ్నలు అడగమనండి. పెద్దవాళ్ళు కూడా అడుగుతారు. పోయినేడు ముందువరసలో కూర్చున్న ఒక మామ్మగారు, "ఆ పిల్లోడు పోయేనాటికి వాళ్ళమ్మ ఉందా నాయనా?" అని అడిగారు. ఉంది. ఆవిడ అడిగింది భగత్‌సింగ్ గురించి, వాళ్ళమ్మ విద్యావతి గారు కొడుకు పోయాక 44 ఏళ్ళు బతికారు, 1975లో పోయారు. ఆ జవాబు మా దగ్గర ఆ రోజు లేదు, ఇంటికెళ్ళి వెతికి మర్నాడు వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి చెప్పాను. మీరు మాత్రం అమ్మల పేర్లు కూడా రాసి దగ్గర పెట్టుకోండి, ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఏడున్నరకి మైక్ కట్టేయండి. అట్టలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ చేతిలో ఉన్న పేరూ వయసూ మైక్ లేకుండా చెప్పి కూర్చోవాలి. రెండు నిమిషాలు మౌనం. తర్వాత మజ్జిగ ఇచ్చి పంపేయండి, అట్టలు మాత్రం జాగ్రత్త చేసి బడికి ఇవ్వండి.