క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్షకు ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి: పెద్దపేగు, థైరాయిడ్ చూపే తేడా

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలలో ఒకప్పుడు షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ వంటివే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన మెడ అల్ట్రాసౌండ్, ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్షలు), మలంలో రక్తం ఉందేమో చూసే పరీక్ష కూడా చేరుతున్నాయి. వీటిలో ఒకటి ప్రాణం కాపాడగలదని దశాబ్దాల పరిశోధన నిరూపించింది. మరొకటి ఆరోగ్యంగా ఉన్న మనిషిని జీవితాంతం రోగిగా మార్చగలదని కూడా అంతే స్పష్టంగా తేల్చింది. ఏది ఏదో గుర్తించడానికి వైద్యవిద్య అక్కర్లేదు. పరిశోధన వార్తగానీ పరీక్ష ప్రకటనగానీ కంటబడినప్పుడు ఏయే ప్రశ్నలు ఏ వరుసలో వేసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు లక్షణాలను పక్కకు తీయండి

స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేని మనిషికి చేసే పరీక్ష. మలంలో రక్తం పడడం, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారిపోవడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, ఐరన్ లోపంతో రక్తహీనత రావడం, మెడలో చేతికి తగిలే గడ్డ, తగ్గని గొంతు బొంగురు వంటివి ఉన్నవారికి ఈ వ్యాసంలోని లెక్కలు వర్తించవు. వారు నేరుగా వైద్యుణ్ణి కలవాలి. మన ప్రాంతంలో మలంలో రక్తం కనిపించగానే మొలలని తేల్చేసుకొని, ఎవరో చెప్పిన మందుతో నెలలు గడిపేవారు ఎందరో ఉన్నారు. మొలలు ఉన్నంత మాత్రాన పైన పేగులో మరొకటి ఉండకూడదనే నియమమేమీ లేదు. నలభై దాటినవారికి మొలలని చెప్పేముందు పెద్దపేగును చూశారా లేదా అని అడగడం తప్పు కాదు.

ఆ వ్యాధిని ముట్టుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో అడగండి

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. జీవశాస్త్ర పరిశోధన సామాన్యుడికి నిజంగా ఉపయోగపడేది కూడా ఇక్కడే.

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు ఉన్నట్టుండి పుట్టదు. పేగు లోపలి పొరలో ఏపీసీ అనే జన్యువు దెబ్బతిన్నప్పుడు చిన్న బుడిపె, అంటే పాలిప్, మొదలవుతుంది. తరువాత కేరాస్, టీపీ53 వంటి జన్యువులలో మార్పులు ఒకదానిపై ఒకటి చేరుతూ ఉంటే వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. ఈ వరుసను ఫియరన్, వోగెల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు 1990లో ఒక నమూనాగా ప్రతిపాదించారు. ఈ ప్రయాణానికి సాధారణంగా పదేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. పైగా పాలిప్ దశలో కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తూనే దాన్ని తీసివేయవచ్చు. అంటే ఇక్కడ పరీక్ష క్యాన్సర్‌ను త్వరగా పట్టుకోవడంతో ఆగకుండా, కొంతమందిలో అది రాకుండానే ఆపుతుంది.

థైరాయిడ్ కథ వేరు. 1985లో ఫిన్లాండ్‌లో పరిశోధకులు ఇతర కారణాలతో మరణించిన 101 మంది థైరాయిడ్ గ్రంథులను సన్నటి ముక్కలుగా కోసి చూస్తే, 36 మందిలో పాపిల్లరీ క్యాన్సర్ (థైరాయిడ్‌లో ఎక్కువగా కనిపించే రకం) కనిపించింది. అవన్నీ బతికుండగా ఎవరినీ బాధించనివి. అంటే మూడోవంతు మంది తమ మెడలో క్యాన్సర్ ఉందని తెలియకుండానే జీవితం గడిపారు. అలాంటి అవయవాన్ని ఎంత సూక్ష్మంగా వెతికితే అంత క్యాన్సర్ దొరుకుతుంది. దొరికిన ప్రతిదీ ప్రమాదం కాదు.

ఏది ప్రమాదకరమో జన్యుపరీక్షతో తేల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్లలో సగానికి పైగా బ్రాఫ్ జన్యువులో ఒకే రకమైన మార్పు ఉంటుందని 2014లో వెలువడిన పెద్ద జన్యుపటం అధ్యయనం చూపింది. కానీ ఎన్నేళ్లయినా కదలకుండా ఉండే చిన్న గడ్డల్లో కూడా అదే మార్పు ఉంటుంది కాబట్టి, ఆ ఒక్కదాన్ని చూసి భయపడడానికి లేదు. దానికి టెర్ట్ అనే జన్యువు మార్పు తోడైనప్పుడు వ్యాధి మొండిగా ప్రవర్తించే అవకాశం పెరుగుతుంది. కాబట్టి "క్యాన్సర్ జన్యువు కనుగొన్నారు" అనే శీర్షిక కనిపిస్తే, ఆ మార్పు మందకొడి గడ్డను, ప్రాణాంతక గడ్డను వేరుచేస్తుందా, లేక రెండింటిలోనూ ఉంటుందా అని వార్తలో వెతకండి. ఆ వాక్యం లేకపోతే ఆ వార్తవల్ల మీ నిర్ణయంలో మారేదేమీ లేదు. ఆవరణ కలిగి, చుట్టూ చొరబడని ఒక రకం గడ్డను 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం క్యాన్సర్ అనే పేరు నుంచే తప్పించింది. కణాల రూపం పాతదే, పేరు మాత్రమే మారింది. దానివల్ల ఎందరో అనవసర చికిత్స తప్పించుకున్నారు.

పరిశోధన ఏం లెక్కపెట్టిందో చూడండి

ప్రకటనలు ఎక్కువగా చూపేది ఐదేళ్ల మనుగడ శాతం, అంటే వ్యాధి తెలిసిన ఐదేళ్ల తరువాత కూడా బతికున్నవారి శాతం. స్క్రీనింగ్ విషయంలో ఇది చాలా మోసపూరితమైన అంకె. ఒక మనిషికి లక్షణాలు కనిపించి 67వ ఏట వ్యాధి తెలిసిందని, 70వ ఏట మరణించాడని అనుకుందాం, మనుగడ మూడేళ్లు. అదే మనిషికి స్క్రీనింగ్‌లో 60వ ఏటే వ్యాధి తెలిసి, అప్పుడూ 70వ ఏటే మరణిస్తే మనుగడ పదేళ్లు అవుతుంది. అంకె మూడింతలకు పైగా పెరిగింది. ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు, రోగిగా గడిపిన ఏళ్లు మాత్రం పెరిగాయి. దీనికి ఎప్పటికీ ముదరని క్యాన్సర్లను కూడా కలిపితే మనుగడ శాతం నూటికి చేరువవుతుంది. అందుకే అడగవలసింది మరణాల రేటు: స్క్రీనింగ్ చేయించుకున్న గుంపులోను, చేయించుకోని గుంపులోను, మొత్తం మనుషులలో ఆ వ్యాధితో ఎందరు చనిపోయారు?

దక్షిణ కొరియా అనుభవం దీనికి పాఠ్యపుస్తకం వంటిది. 1999లో అక్కడి ప్రభుత్వం జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. అందులో థైరాయిడ్ లేదు. అయితే ఆసుపత్రులు కొద్దిపాటి అదనపు రుసుముతో మెడ అల్ట్రాసౌండ్ కూడా చేయసాగాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాది 40,000 మందికి పైగా ఈ క్యాన్సర్ ఉందని తేల్చారు. దాంతో చనిపోయేవారి సంఖ్య మాత్రం ఏడాదికి 300 నుంచి 400 దగ్గరే నిలిచిపోయింది. దాదాపు అందరికీ శస్త్రచికిత్స జరిగింది. అలా చేయించుకున్నవారిలో సుమారు 11 శాతం మందికి పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం సమస్య వచ్చింది, 2 శాతం మందికి స్వరతంత్రి పక్షవాతం వచ్చింది. 2014లో కొందరు వైద్యులు బహిరంగంగా హెచ్చరించాక, ఏడాది తిరిగేసరికి శస్త్రచికిత్సలు సుమారు మూడోవంతు తగ్గాయి. అమెరికాలోని నివారణ సేవల కార్యదళం 2017లో లక్షణాలు లేని పెద్దలకు థైరాయిడ్ స్క్రీనింగ్ వద్దని సూటిగా చెప్పింది.

ఇదే గీటురాయి మీద పెద్దపేగు పరీక్ష నిలబడింది. అమెరికాలోని మిన్నెసోటాలో 46,000 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో, ఏటా మలంలో రక్తం పరీక్ష చేయించుకున్న గుంపులో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయని 1993లో ప్రకటించారు. ముప్పై ఏళ్ల తరువాత చూసినా ఆ మేలు అలాగే ఉంది.

శాతాన్ని మనుషుల సంఖ్యగా మార్చుకోండి

33 శాతం అనగానే వందమందిలో ముప్పైముగ్గురు బతికారని అనిపిస్తుంది. అసలు లెక్క వేరు: పదమూడేళ్లలో వెయ్యిమందికి సుమారు 9 మరణాలు ఉండగా 6కు తగ్గాయి. ఇది చిన్న మేలేమీ కాదు, కానీ దాని కొలత ఇది. ఏ వార్త చదివినా "వెయ్యిమందిలో ఎంత నుంచి ఎంతకు?" అని మార్చి చూసుకోండి.

2022లో వచ్చిన నార్డిక్ ప్రయోగం వార్తను చాలామంది తప్పుగా చదివారు. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో 55 నుంచి 64 ఏళ్ల వయసువారిని రెండు గుంపులుగా చేసి ఒక గుంపును కొలనోస్కోపీకి ఆహ్వానించారు. పదేళ్లలో క్యాన్సర్ వచ్చే అవకాశం 1.20 శాతం నుంచి 0.98 శాతానికి తగ్గింది. మరణాలలో తేడా నిర్ధారించదగినంతగా కనిపించలేదు. కొలనోస్కోపీ పనికిరాదని శీర్షికలు వచ్చాయి. కానీ ఆహ్వానం అందినవారిలో పరీక్ష చేయించుకున్నది 42 శాతం మందే. ఆ అంకె కొలిచింది ఆహ్వానం ఫలితాన్నే తప్ప పరీక్ష ఫలితాన్ని కాదు. ఏ అధ్యయనంలోనైనా ఎందరిని పిలిచారు, ఎందరు వచ్చారు అనే రెండు అంకెలూ కనిపించేదాకా తీర్పు చెప్పుకోకండి.

పెద్దపేగు పరీక్ష ఎంచుకునే తీరు

అమెరికాలోని తెలుగువారికి అక్కడి మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్లకు స్క్రీనింగ్ మొదలవుతుంది. 2021లో ఆ వయసును 50 నుంచి తగ్గించారు. ఇంగ్లండ్‌లో ఉన్నవారికి మలపరీక్ష కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది. భారతదేశంలో పెద్దపేగు క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే తక్కువ; ప్రభుత్వ కార్యక్రమం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరిమితమైంది. కాబట్టి ఇక్కడ కుటుంబ చరిత్ర లేని మనిషికి ఆ మేలు అక్కడి లెక్కకంటే తక్కువే ఉంటుందని తెలిసి, వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

ఎంచుకోవలసి వస్తే మలంలో రక్తాన్ని వెతికే, ఇంట్లోనే నమూనా తీసుకునే ఫిట్ పరీక్షను తక్కువగా చూడవద్దు. స్పెయిన్‌లో ఫిట్‌ను, ఒకసారి చేసే కొలనోస్కోపీని పోల్చిన ప్రయోగ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అందులో పదేళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు ఫిట్‌కు పిలిచినవారిలో 0.24 శాతం, కొలనోస్కోపీకి పిలిచినవారిలో 0.22 శాతం, అంటే దాదాపు సమానం. పైగా ఫిట్‌కు ముందుకు వచ్చినవారే ఎక్కువ. అయితే రెండు షరతులు ఉన్నాయి. ఒకసారి చేసి ఊరుకుంటే కుదరదు, ఎందుకంటే పాలిప్‌లను పట్టే శక్తి దానికి తక్కువ. అమెరికాలో ఏటా, మరికొన్ని దేశాల్లో రెండేళ్లకోసారి చేస్తారు. రెండోది, పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ చేయించుకోవాలి. మళ్లీ ఇంకో ల్యాబులో ఫిట్ చేయించి నెగెటివ్ వచ్చిందని సంతోషపడడం ఈ పరీక్ష విషయంలో మనవాళ్లు చేసే పెద్ద తప్పు. గడ్డ నుంచి రక్తం రోజూ రాదు. ప్యాకేజీలో కనిపించే సీఈఏ రక్తపరీక్ష స్క్రీనింగ్ కోసం కాదు, ఇప్పటికే చికిత్స పొందినవారిని గమనించడానికి వాడేది.

థైరాయిడ్ గడ్డ ఇప్పటికే రిపోర్టులో కనిపిస్తే

వద్దనుకున్నా ప్యాకేజీలో భాగంగా స్కాన్ జరిగిపోయి, గడ్డ బయటపడినవారు చాలామంది ఉంటారు. ముందుగా రిపోర్టులో రెండు విషయాలు చూడండి: గడ్డ కొలత, టైరాడ్స్ తరగతి (స్కాన్‌లో గడ్డ ఎంత అనుమానాస్పదంగా ఉందో చెప్పే అంకె). అమెరికన్ రేడియాలజీ సంస్థ పద్ధతిలో అత్యంత అనుమానాస్పదమైన అయిదో తరగతికి ఒక సెంటీమీటరు, నాలుగో తరగతికి ఒకటిన్నర, మూడో తరగతికి రెండున్నర సెంటీమీటర్లు దాటితేనే సూది పరీక్ష సూచిస్తారు. అంతకంటే చిన్నదానికి వెంటనే ఎఫ్‌ఎన్‌ఏసీ (ఈ సూది పరీక్షే) చేయమంటే కారణం అడగండి. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నందువల్ల క్యాన్సర్ లేదనీ కాదు, తేడాగా ఉన్నందువల్ల ఉందనీ కాదు.

సూది పరీక్షలో ఒక సెంటీమీటరు లోపు పాపిల్లరీ క్యాన్సర్ అని తేలినా, శస్త్రచికిత్స ఒక్కటే దారి కాదు. జపాన్‌లో కోబే నగరంలోని కుమా ఆసుపత్రిలో 1993 నుంచి ఇలాంటివారికి కోత లేకుండా క్రమంగా స్కాన్ చేస్తూ గమనించే మార్గం అందిస్తున్నారు. 1,235 మందిని గమనించిన అధ్యయనంలో పదేళ్లకు గడ్డ పెరిగింది 8 శాతం మందిలో; లసిక గ్రంథులకు పాకింది సుమారు 4 శాతం మందిలో. ఆ తరువాత ఆపరేషన్ చేసినా వారెవరూ ఈ వ్యాధితో చనిపోలేదు. విచిత్రమేమంటే గడ్డ పెరగడం 40 ఏళ్లలోపు వారిలో ఎక్కువ, 60 దాటినవారిలో అతి తక్కువ. గడ్డ శ్వాసనాళానికో స్వరనాడికో ఆనుకొని ఉంటే మాత్రం ఈ మార్గం కుదరదు కాబట్టి, స్కాన్ ఫిల్ము తీసుకెళ్లి గడ్డ ఎక్కడ ఉందో సర్జన్‌నే చూపించమనండి.

ఎవరికి ఈ లెక్కలు మారతాయి

తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే 40వ ఏటనో, వారికి వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలని మార్గదర్శకాలు చెబుతాయి. లించ్ సిండ్రోమ్ వంటి వంశపారంపర్య స్థితి ఉన్న కుటుంబాలలో ఇంకా ముందే మొదలవుతుంది. థైరాయిడ్‌లో మెడ్యుల్లరీ రకం వేరే జాతి; రెట్ అనే జన్యుమార్పు తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించవచ్చు కాబట్టి, ఆ రకం వచ్చిన వ్యక్తికి ముందు జన్యుపరీక్ష చేసి, మార్పు ఉంటే పిల్లలకూ తోబుట్టువులకూ చేస్తారు. అక్కడ ముందుగా తెలుసుకోవడం నిజంగా ప్రాణం కాపాడుతుంది. చిన్నతనంలో మెడకు రేడియేషన్ చికిత్స పొందినవారు కూడా ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు పాత ల్యాబు రిపోర్టులతోపాటు ఒక కాగితం మీద కుటుంబంలో ఎవరికి, ఏ క్యాన్సర్, ఎన్నో ఏట వచ్చిందో రాసి తీసుకెళ్లండి. బయాప్సీ కాగితం దొరికితే దాని జిరాక్సు జతచేయండి, ఎందుకంటే "గొంతు క్యాన్సర్", "కడుపులో క్యాన్సర్" అని ఇంట్లో చెప్పుకునే మాటలనుబట్టి అది ఏ రకమో వైద్యుడు తేల్చలేడు.