ఏడుపు పాఠాలు – 5: ఒకే పని, ఐదు నిమిషాలు

ఈ వారం ఏడ్చే బిడ్డని ఎత్తుకుని నడవడం గురించి చెప్పాలి. దానికంటే ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి. చంటిపిల్లని గుడ్డలో చుట్టడం ఎలాగో రాశాక వచ్చిన మెసేజ్‌లలో సగానికి పైగా ఒకటే మాట: "చుట్టాం, ఇంకా ఎక్కువ ఏడ్చింది."

గాజువాక నుంచి ఒక తల్లి ఫొటో కూడా పంపారు. మందపాటి బొచ్చు టవల్, లోపల పొడుగు చేతుల చొక్కా, తలకి టోపీ. వైజాగ్‌లో మే నెల. సముద్రపు గాలిలో ఉక్కకి పెద్దవాళ్ళకే ఒంటిమీద చెమట ఆరదు. పాప మెడ మడతల్లో చెమటకాయలు ఫొటోలోనే కనిపిస్తున్నాయి. ఆ పాప ఏడ్చింది చుట్టినందుకు కాదు, ఉడికిపోయి. ఇందులో తప్పు నాది. పలచటి నూలు గుడ్డ అని వేరే చెప్పాలా అనుకుని వదిలేశాను.

ఇప్పుడు చెప్తున్నాను. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్క గానీ, పాత పంచె ముక్క గానీ, ఒక్క పొర. లోపల లంగోటీ చాలు, టోపీ వద్దు. మెడ వెనక వేలు పెట్టి చూడండి, చెమట తగిలితే విప్పేయండి. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని ఇంకో దుప్పటి కప్పొద్దు, చంటిపిల్లలకి అవి కాస్త చల్లగానే ఉంటాయి. నడుము కింద గుడ్డ వదులుగా ఉండాలి. బిడ్డ కాళ్ళు కప్పలా మడుచుకోగలగాలి, లేకపోతే తుంటి కీలుకి మంచిది కాదు. చుట్టిన బిడ్డని వెల్లకిలానే పడుకోబెట్టాలి. పక్కకి దొర్లే ప్రయత్నం మొదలైన రోజే చుట్టడం మానేయాలి.

ఆకలి, తడిసిన లంగోటీ, తేన్పు తెప్పించడం మీ అందరికీ తెలిసినవే. అవి చూసుకున్నాకే మిగతాది.

ఇక నన్ను బాధపెట్టిన మెసేజ్ ఇంకొకటి. మద్దిలపాలెం నుంచి ఒక తండ్రి రాశారు. పిల్లల పెంపకం పుస్తకం ఎదురుగా తెరిచి పెట్టుకుని చేసినవన్నీ, టైముతో సహా రాశారు.

"రాత్రి 11.40కి ఏడుపు. 11.41 చుట్టాం. 11.42 చెవి దగ్గర ష్‌ష్ అన్నాం. 11.43 పక్కకి తిప్పి పట్టుకున్నాం. 11.44 ఫోన్‌లో వాన చప్పుడు పెట్టాం. 11.45 లైటు వేసి గిలక్కాయ ఆడించాం. ఏదీ పనిచేయలేదండీ. మా అత్తగారు తీసుకున్నారు. పది నిమిషాల్లో పడుకుంది. పుస్తకాలు మనకి పనికిరావేమో."

అయ్యా, పుస్తకం పనికిరాకపోవడం కాదు. మీరు ఐదు నిమిషాల్లో ఐదు పనులు చేశారు. మీ అత్తగారు పది నిమిషాలూ ఒకే పని చేశారు.

ఇది చాలా ఇళ్ళలో జరుగుతోంది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. పుస్తకంలో ఒక పేజీ మీద ఐదు పద్ధతులు ఎందుకు ఉంటాయి? పిల్లలందరూ ఒకలా ఉండరు కాబట్టి. ఒకరికి చుట్టడం నచ్చుతుంది, ఇంకొకరికి నడక. అవి వరసగా నిమిషానికొకటి చేసుకుంటూ పోవడానికి కాదు. ఒక వాక్యం చదవడానికి మనకి ఐదు సెకన్లు పడుతుంది. అదే వాక్యం బిడ్డ ఒంటికి అందడానికి ఐదు నిమిషాలు పడుతుంది. గుక్కపట్టి ఏడుస్తున్న పసిగుండె గబగబా కొట్టుకుంటూ ఉంటుంది. అది నెమ్మదించేలోపే పట్టు మారుతుంది, చప్పుడు మారుతుంది, లైటు వెలుగుతుంది. ప్రతి మార్పూ ఆ బిడ్డకి కొత్త అదురే.

మా కింద ఇంట్లో ఒక అమ్మమ్మగారు ఉంటారు. మనవరాలు ఏడిస్తే గోడకి ఆనుకుని కూర్చుంటారు. బిడ్డని ఎడమ భుజాన వేసుకుని, కుడి అరచేయి గిన్నెలా చేసి, నడుముకి కాస్త కింద తడతారు. తన ఊపిరి ఎంత నెమ్మదిగా ఉందో దెబ్బా అంత నెమ్మది. గొంతులో "ఊఁ... ఊఁ..." అని ఒకటే శ్రుతి. ఒక రోజు కూతురు ఆగలేక "ఇంకా ఏడుస్తోంది కదమ్మా, ఇలాగియ్యి" అంది. ఆవిడ చెయ్యి ఆపకుండానే "ఉండవే, దానికింకా వినబడలేదు" అన్నారు. ఇంకో రెండు నిమిషాలకి ఏడుపులో ఎడం వచ్చింది. ఆ ఎడం వచ్చాక కూడా ఆవిడ ఆపలేదు. మనలో చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తాం.

నాకు ఇది 2014లో తెలిసింది. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చేనాటికి మా పెద్దోడికి ఆరు వారాలు. కరెంటు పోయింది, ఫ్యాన్ చప్పుడు లేదు, ఫోన్ లేదు, పుస్తకం చదువుకోవడానికి వెలుతురూ లేదు. చేయగలిగింది ఒక్కటే, వంటింటి గుమ్మం నుంచి హాలు కిటికీ దాకా నడవడం. పదకొండు అడుగులు అటు, పదకొండు ఇటు. వేరే దారి లేక ఒకే పని చేశాను, వాడు నిద్రపోయాడు.

తర్వాత 2022లో జపాన్‌లోని రికెన్ సంస్థలో కురోడా కుమి బృందం ఇదే కొలిచి చూసింది. 21 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధన. ఏడ్చే బిడ్డని ఎత్తుకుని కదలకుండా ఉంటే పెద్దగా ఫలితం లేదు, నడిస్తే నెమ్మదించారు. వాళ్ళు చెప్పిన పద్ధతి ఇది: ఐదు నిమిషాలు ఆగకుండా, కుదుపు లేకుండా ఒకే వేగంతో నడవాలి. బిడ్డ నిద్రపోయాక ఒళ్ళో పెట్టుకుని ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి. ఆ తర్వాతే పడుకోబెట్టాలి. పిల్లలు లేచిపోయేది పక్క తగిలినప్పుడు కాదు, మన ఒంటి నుంచి విడదీయడం మొదలైనప్పుడని వాళ్ళు గమనించారు. అందుకే ఆ కూర్చోవడం ముఖ్యం.

నా పద్ధతి: గడియారం చూడను, రెండు జోలపాటలు పాడతాను. ఒకటి నడుస్తూ, ఒకటి కూర్చుని. ఏడుపు ఆపడానికి నోట్లో ఉత్త పాలపీక పెట్టడం నాకు ఇష్టం ఉండదు, అది నా ఇష్టం మాత్రమే. ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, పొగ మాత్రం బిడ్డ దగ్గరికి రానివ్వకండి.

ఎన్నాళ్ళీ ఏడుపు అని చాలామందికి టెన్షన్. అమెరికాలో బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టర్ 1962లో 80 మంది పిల్లల ఏడుపు లెక్కలు అచ్చువేశారు. రెండు వారాల వయసులో రోజుకి దాదాపు గంటా ముప్పావు, ఆరు వారాలకి రెండుముప్పావు గంటలు, పన్నెండు వారాలకి బాగా తగ్గుదల. అంటే ఆరో వారంలో ఏడుపు పెరిగితే మీ పెంపకం చెడినట్టు కాదు.

పుస్తకాల గురించి ఇంకొక్క మాట. కొనేముందు ఏ ఏడాది కూర్పో చూడండి. అమెరికా పిల్లల డాక్టర్ బెంజమిన్ స్పాక్ 1946లో తెచ్చిన పిల్లల పెంపకం పుస్తకం కోట్ల ఇళ్ళకి చేరింది. 1950ల కూర్పుల్లో బిడ్డని బోర్లా పడుకోబెట్టమనే సలహా వచ్చింది. అలా పడుకోబెడితే నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం పెరుగుతుందని తర్వాత తేలింది. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దంది. పాత పుస్తకాల కొట్లో దొరికిన కూర్పు మీద అట్ట ఎంత అందంగా ఉన్నా ఆ సలహా అందులో అలాగే ఉంటుంది.

ఏ పద్ధతికీ ఆగని ఏడుపు కూడా ఉంటుంది. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, పాలు తాగకపోతే, ఆకుపచ్చ వాంతి అయితే, మత్తుగా వాలిపోతే పాఠం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, 108కి ఫోన్ చేయండి. మీకే కోపం తన్నుకొస్తుంటే బిడ్డని ఊయలలో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు వరండాలోకి వెళ్ళి రండి. ఏడుస్తున్న బిడ్డకి ఆ ఐదు నిమిషాల్లో ఏమీ కాదు. పట్టుకుని కుదిపితే మాత్రం మెదడులో రక్తం చిమ్మొచ్చు, ప్రాణం పోవచ్చు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. పగలు, బిడ్డ పడుకున్నప్పుడు, భార్యాభర్తలిద్దరూ పుస్తకంలో ఒకే పేజీ చదవండి. ఒకరు పుస్తకం మూసి, రెండోవారికి సొంత మాటల్లో చెప్పాలి. తర్వాత పుస్తకం బీరువాలో పెట్టేయండి, రాత్రి తీయొద్దు. వరసగా మూడు రాత్రులు ఒకే పద్ధతి, ఐదు నిమిషాలకి తగ్గకుండా. ఎత్తుకున్నవాళ్ళు గడియారం చూడకూడదు. రెండోవారు చూసి, ఏడుపులో మొదటి ఎడం ఎన్నో నిమిషంలో వచ్చిందో కాగితం మీద రాయాలి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే నాలుగో రాత్రి బిడ్డని ఆవిడకిచ్చి, చెయ్యి ఎంత వేగంగా ఆడుతోందో, ఎప్పుడు ఆపారో కూడా రాయండి. ఆరో పాఠం ఆ కాగితాలతోనే మొదలవుతుంది.