కేజ్ కడిగినా వాసన పోవట్లేదా? గినీ పిగ్ పెంచేవారికి సమస్యలు - పరిష్కారాలు

సమస్య: కడిగిన రెండో రోజుకే ఘాటు వాసన

ఎక్కువమందిని విసిగించేది ఇదే. గినీ పిగ్ పెంటికలు గట్టిగా, పొడిగా ఉంటాయి, వాటికి పెద్దగా వాసన ఉండదు. వాసనంతా మూత్రానిది. తడిసిన బెడ్డింగ్‌లో (కేజ్ అడుగున పరిచే పొట్టు, గుడ్డ లాంటివి) బ్యాక్టీరియా చేరి, మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. నిలబడి ఉన్న మనకే ముక్కు మండుతోందంటే, ఆ తడి మీదే మూతి ఆనించి పడుకునే జీవి సంగతి ఆలోచించండి. దాని ఊపిరితిత్తులు చాలా సున్నితం.

అసలు కారణం చాలాసార్లు ఒకే ఒక్క మూలలో ఉంటుంది. ఇవి ఎండుగడ్డి తింటూ తింటూనే మూత్రం పోస్తాయి. అంటే గడ్డి ఎక్కడ పెడితే తడి అక్కడ. వారానికోసారి కేజ్ మొత్తం మార్చినా, ఆ మూల మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే ముద్దైపోతుంది. కాబట్టి గడ్డి కింద ఒక వెడల్పాటి ట్రే పెట్టి, అందులోని బెడ్డింగ్‌ను రోజూ మార్చండి. అవి పడుకునే గూడు లోపల కూడా చేత్తో నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా అడుగున తడి ఉంటుంది. ఈ రెండు చోట్లా రోజూ ఐదు నిమిషాలు పెడితే, వారానికోసారి అంతా తీసి కడగడం చాలు.

సువాసన స్ప్రేలు మాత్రం వద్దు. వాసన కప్పబడిపోతుంది కానీ అమ్మోనియా అలాగే ఉంటుంది. ఇంత చేసినా అదుపులోకి రాకపోతే కేజ్ చిన్నదేమో చూడండి. రెండు గినీ పిగ్‌లకు కనీసం 7.5 చదరపు అడుగులు కావాలి, ఇంకా పెద్దదైతే మరీ మంచిది.

ఆ తడిలోనే తిరిగితే పాదాలు కూడా పాడవుతాయి. అరికాళ్లు ఎర్రబడినా, వాచినా, పుండు కనిపించినా బెడ్డింగ్ మార్చి ఊరుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

సమస్య: అడుగున తెల్లటి పెచ్చు, ఎంత రుద్దినా పోదు

వీటి మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. అది ఎండి సున్నంలా అంటుకుంటుంది. సబ్బు దీని మీద పనిచేయదు. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పోసి, పావుగంట నాననిస్తే మెత్తబడి ఊడివస్తుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బెడ్డింగ్ వేయండి.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి: వెనిగర్‌తో బ్లీచ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోసినా అంతే, అందులోని అమ్మోనియాతో కలిసి హాని చేస్తుంది.

కొద్దిపాటి తెల్లదనం మామూలే. అదే ఇసుకలా గరగరలాడుతుంటే, మూత్రం పోసేటప్పుడు కీచుమంటుంటే, ఎరుపు కనిపిస్తుంటే మూత్రాశయంలో రాళ్లు ఉండొచ్చు. ఆలస్యం చేయకండి.

సమస్య: కేజ్ శుభ్రం చేసిన రోజే తుమ్ములు

కొత్త బెడ్డింగ్‌లోని దుమ్మును, సరిగ్గా ఆరని వెనిగర్‌ను ముందు అనుమానించండి. దేవదారు పొట్టు అసలు వాడకూడదు, దాని నూనెల ఘాటు ఊపిరితిత్తులకు పడదు. గడ్డిని బయట దులిపి తెచ్చి వేయండి. తుమ్ములతో పాటు కళ్ల చుట్టూ పుసి, ఊపిరిలో గురగుర, తిండి మానేయడం ఉంటే అది దుమ్ము కాదు, ఆ రోజే వైద్యం కావాలి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్రం వేయొద్దు. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ ప్రాణమే పోవచ్చు.

సమస్య: ఫ్లీస్ గుడ్డ పైనే తడి నిలుస్తోంది

ఫ్లీస్ అంటే బెడ్డింగ్‌గా పరిచే మెత్తటి సింథటిక్ గుడ్డ. కొత్తది నీటిని కిందికి దిగనివ్వదు. రెండు మూడుసార్లు వేడినీళ్లలో ఉతికి, కింద నీరు పీల్చే మందపాటి తువ్వాలు పరవండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకండి, అది వాడితే గుడ్డ మళ్లీ మొదటికొస్తుంది.

సమస్య: శుభ్రం చేయగానే పోట్లాట

ముఖ్యంగా మగవాటిలో కనిపిస్తుంది. వాటి వాసన పూర్తిగా పోయేసరికి ఆ చోటు కొత్తగా తోచి, ఎవరిది పైచేయో మళ్లీ తేల్చుకోవడం మొదలుపెడతాయి. పాత బెడ్డింగ్‌లో పొడిగా ఉన్నది ఒక గుప్పెడు తీసి కొత్తదానిలో కలిపితే టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: కేజ్ శుభ్రంగానే ఉంది, జంతువు దగ్గరే వాసన

వయసు మళ్లిన మగవాటిలో మలద్వారం దగ్గరి సంచిలో మలం పేరుకుపోతుంది. దాన్ని సున్నితంగా ఎలా తీయాలో మొదటిసారి డాక్టర్ దగ్గరే నేర్చుకోండి. వెనకభాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోనే పురుగులు పట్టొచ్చు. అందుకే ఈగలు ముసిరే రోజుల్లో పొద్దున, సాయంత్రం రెండుసార్లు దాని వెనకభాగం చూడండి. ఒక్క పురుగు కనిపించినా కేజ్ సంగతి పక్కనపెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.