బీఎస్సీ ఎంపీసీ: మూడు సబ్జెక్టులనూ ఒకటిగా చదవడం ఎలా?

కడపలో డిగ్రీ పిల్లలకు సాయంత్రాలు ఫిజిక్సు, లెక్కలు చెబుతుంటాను. ఏటా ఒకటే తప్పు చూస్తున్నాను. మ్యాథ్స్‌కో నోట్సు, ఫిజిక్స్‌కో నోట్సు, కెమిస్ట్రీకో నోట్సు పెట్టుకుని, ఒకే సంగతిని మూడు పేర్లతో మూడుసార్లు బట్టీ పడతారు. ఒకటి ప్రధాన సబ్జెక్టు (మేజర్), ఇంకొకటి ఉప సబ్జెక్టు (మైనర్) అనే పద్ధతి వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు.

కావలసినవి తక్కువే. లావుపాటి తెల్లకాగితాల నోట్‌బుక్ ఒకటి, గ్రాఫ్ షీట్లు, సైంటిఫిక్ కాలిక్యులేటర్, పెన్సిలు. ఏడురోడ్ల దగ్గర అన్నీ దొరుకుతాయి. రూళ్ల నోట్‌బుక్ కొనొద్దు. గీతల మధ్య బొమ్మ కుదరదు, బొమ్మ లేని ఫిజిక్సు నిలవదు.

మొదట సెమిస్టర్ సిలబస్ ముందేసుకుని, మూడు సబ్జెక్టుల్లోనూ ఒకే లెక్క ఎక్కడెక్కడ వస్తోందో గుర్తు పెట్టండి. అరగంట పని.

తర్వాత నోట్సును చాప్టర్ల వారీగా కాకుండా సమీకరణాల వారీగా రాయండి. ఒక పేజీ పైన ‘ఉన్నదాన్ని బట్టే తరుగుదల’ అని రాసుకోండి. కెపాసిటర్ డిశ్చార్జి, ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్, రేడియోధార్మికత మూడూ ఆ పేజీలోకే వస్తాయి. మూడింటికీ సగం కావడానికి పట్టే కాలం 0.693ను తరుగుదల స్థిరాంకంతో (కెపాసిటర్‌కు అది 1/ఆర్‌సీ) భాగిస్తే వస్తుంది. 10 కిలోఓమ్‌ల రెసిస్టరు, 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు కలిపితే వోల్టేజి దాదాపు 7 సెకన్లలో సగమవుతుంది. మన తుమ్మలపల్లె గనిలోని యురేనియం-238 సగం కావడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. లెక్క మాత్రం ఒక్కటే. ఒకసారి ఇంటిగ్రేట్ చేసి అర్థం చేసుకుంటే మూడు చాప్టర్లు అయిపోతాయి. గైడ్లలో మూడుచోట్ల మూడు ఫార్ములాలుగా ఇస్తారు కాబట్టే పిల్లలకు అవి వేర్వేరనిపిస్తాయి. అందుకే నా దగ్గర గైడు తెరవనివ్వను.

ఇక అసలు కష్టం గుర్తుల దగ్గర ఉంది. ఇక్కడ తొందరపడకండి. సబ్జెక్టులను కలిపి చదివేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

థర్మోడైనమిక్స్ మొదటి నియమం చూడండి. మన ఫిజిక్స్ పుస్తకాల్లో ఎక్కువగా డెల్టా యు = క్యూ − డబ్ల్యూ అని ఉంటుంది. డెల్టా యు అంటే వాయువు అంతర్గత శక్తిలో మార్పు, క్యూ అంటే దానికి ఇచ్చిన వేడి, అక్కడ డబ్ల్యూ అంటే వాయువు చేసిన పని. కెమిస్ట్రీలో డెల్టా యు = క్యూ + డబ్ల్యూ. అక్కడ డబ్ల్యూ అంటే వాయువు మీద జరిగిన పని. వాయువుకు 100 జౌళ్ల వేడి ఇచ్చాం, అది వ్యాకోచించి 40 జౌళ్ల పని చేసింది అనుకోండి. ఫిజిక్సులో 100 − 40, కెమిస్ట్రీలో 100 + (−40). రెండు దారుల్లోనూ 60 జౌళ్లే. మొన్న ఒకబ్బాయి ఫార్ములా ఫిజిక్సుది, గుర్తు కెమిస్ట్రీది తీసుకుని 100 − (−40) వేసి 140 తెచ్చాడు. పని చేస్తూ వాయువు తన శక్తిని ఖర్చు పెడుతుంటే, ఇచ్చిన వేడి కంటే ఎక్కువ శక్తి ఎలా మిగులుతుంది నాయనా అని అడిగితే తలదించుకున్నాడు. తప్పు వాడిది కాదు, రెండు డబ్ల్యూలు ఒకటి కావని వాడికెవరూ చెప్పలేదు. అందుకే లెక్క మొదలుపెట్టే ముందే పేజీ మూలన ‘డబ్ల్యూ = వాయువు చేసిన పని’ అని తెలుగులోనే రాయండి. రాయకుండా ఒక్క లెక్క కూడా చేయొద్దు.

హైడ్రోజన్ పరమాణువు దగ్గరా ఇదే చిక్కు. ఫిజిక్సులో థీటా అంటే జెడ్ అక్షం నుంచి కొలిచే కోణం. చాలా మ్యాథ్స్ పుస్తకాల్లో ఆ కోణానికి ఫై అని పేరు, థీటా అడ్డంగా తిరిగే కోణం. మ్యాథ్స్ నోట్సులోని ఇంటిగ్రల్‌ను అలాగే తెచ్చి ఫిజిక్సులో పెడితే సైన్ పక్కన వేరే కోణం వచ్చి కూర్చుంటుంది. జవాబు తప్పుతుంది, ఎక్కడ తప్పిందో గంటసేపు వెతికినా దొరకదు. ముందు బొమ్మ గీసి, కోణం ఎక్కడ మొదలవుతుందో బాణం వేసి చూపండి. పార్షియల్ డెరివేటివ్ రాసేటప్పుడు కూడా ఏది స్థిరంగా ఉంచామో కింద రాయడం మానకండి. అది లేకపోతే ఆ డెరివేటివ్‌కు అర్థమే లేదు.

ప్రాక్టికల్స్ అయిన రోజే రికార్డు రాయండి. రీడింగులు ల్యాబ్‌లోనే గ్రాఫ్ షీటు మీద పెట్టాలి. ఒక చుక్క గీతకు దూరంగా పడితే అప్పటికప్పుడే మళ్లీ కొలవొచ్చు.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాయాలనుకుంటే, రెండో ఏడాది నుంచే పాత పేపర్లు తీయండి. వారానికి ఒకటి చాలు. మూడు గంటలు, ఫోను పక్క గదిలో.