తిన్నని దారిలో చలనం – 4వ పాఠం: బావిలో పడ్డ రాయి

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క చూద్దాం. 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి గంటకు 40 కిలోమీటర్ల వడితో వెళ్లి, 60 వడితో తిరిగొస్తే సగటు వడి ఎంత? 50 అని రాశారంటే, రెండూ కలిపి సగం చేసేశారన్నమాట. వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు కాబట్టి 48. నెమ్మదిగా వెళ్లిన సమయమే ఎక్కువ, అందుకే సగటు అటు మొగ్గింది. సగటు వేగం (స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది, దిశను కూడా చూస్తుంది) మాత్రం సున్నా. బయల్దేరిన చోటికే వచ్చేశాం, స్థానభ్రంశం, అంటే మొదటి చోటి నుంచి చివరి చోటికి ఉన్న నేరు దూరం, లేదు.

ఇవాళ్టి సంగతి త్వరణం. సెకను సెకనుకూ వేగం ఎంత మారుతోందో చెప్పేది త్వరణం.

బావి గట్టున నిలబడి ఒక రాయిని విసరకుండా ఊరికే వదలండి (తాగే నీళ్ల బావి అయితే వద్దు). గాలి అడ్డును లెక్కలోకి తీసుకోవద్దు. భూమి లాగుతుంటే రాయి వేగం ప్రతి సెకనుకూ 9.8 చొప్పున పెరుగుతుంది. మొదటి సెకను చివర దాని వేగం సెకనుకు 9.8 మీటర్లు. మరి ఆ సెకనులో ఎంత దూరం పడింది? 9.8 అనబోయారా? ఆ వేగం సెకను చివర్లో వచ్చింది, మొదట్లో సున్నా. సగటు 4.9, కాబట్టి పడింది 4.9 మీటర్లే. రెండో సెకనులో వేగం 9.8 నుంచి 19.6కి పెరుగుతుంది, సగటు 14.7. మూడో సెకనులో 24.5.

ఈ మూడింటినీ 4.9తో భాగించి చూడండి: 1, 3, 5. బేసి సంఖ్యలు! గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో చెప్పింది ఇదే. సెకన్లు చూపే గడియారం ఆయన దగ్గర లేదు. ఏటవాలు చెక్క మీద గుండును దొర్లిస్తూ, ఆలోగా సన్నటి ధారగా కారిన నీళ్లను తూచి కాలం కొలిచాడు. నాకైతే సూత్రం కన్నా ఈ నీళ్ల తూకమే ఎక్కువ నచ్చుతుంది.

వదిలిన దగ్గర్నుంచి మొత్తం దూరం కావాలంటే 4.9ని కాలంతో రెండుసార్లు గుణించండి. రెండు సెకన్లకు బుడుంగుమంటే నీళ్లు 19.6 మీటర్ల లోతున ఉన్నట్టు. చప్పుడు పైకి రావడానికి పట్టేది సెకనులో పదోవంతు కూడా కాదు, వదిలేయొచ్చు.

ఇప్పుడు బంతిని నిట్టనిలువుగా పైకి విసరండి. పైన ఆగిన క్షణంలో వేగం సున్నా. త్వరణం? చదువుకునే రోజుల్లో నేనూ సున్నా అనే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. అది కూడా సున్నా అయితే వేగం ఇక మారదు, బంతి అక్కడే గాల్లో వేలాడాలి! ఎక్కేటప్పుడు, ఆగినప్పుడు, దిగేటప్పుడు త్వరణం కిందివైపు 9.8 మాత్రమే. పైదిశను ధనం అనుకుంటే మొదటి నుంచి చివరి దాకా అది −9.8.

వచ్చే పాఠానికి లెక్క: బంతిని సెకనుకు 29.4 మీటర్ల వేగంతో పైకి విసిరారు. 4 సెకన్ల తర్వాత దాని వేగం ఎంత, ఏ దిశలో? జవాబులో గుర్తు మర్చిపోవద్దు.