ఆటల పీరియడ్‌కు గ్రేడు ఎలా వేయాలి?

సెషన్ (బడి ఏడాదిలో సగం) ఆఖర్లో ప్రగతి పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే భాష, గణితం, పరిసరాలు అన్నీ అయ్యాక చిట్టచివరికి మిగిలే గడి శారీరక శిక్షణది. అప్పటికి చెయ్యి నొప్పి పుడుతుంది, ఓపిక అయిపోతుంది. బాగా ఉరికే నలుగురికి అ-2, మిగతా వాళ్ళకు బ-1, పక్కన ‘ఆటలంటే ఆసక్తి’ అని అందరికీ ఒకే మాట. మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు గానీ, రాజురా, కిన్వట్, దెగ్లూరు వైపు గానీ తెలుగు పిల్లలు చదివే జిల్లా పరిషత్ బడుల్లో ఇది కొత్తేమీ కాదు. ఇద్దరు టీచర్లు నాలుగు తరగతులు లాక్కొచ్చే చోట ఆటల కోసం వేరే పీఈటీ వస్తాడని ఎవరూ ఎదురుచూడరు. అన్నీ క్లాస్ టీచరే.

అయితే ఒక సంగతి ఉంది. మహారాష్ట్రలో 2010 ఆగస్టు నాటి జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం కళ, కార్యానుభవం, శారీరక శిక్షణ ఈ మూడింటికీ వంద మార్కులూ ఆకారిక్ మూల్యమాపనమే, అంటే పరీక్షతో కాక రోజువారీ పనిని చూస్తూ వేసేవే. మూడో తరగతి గణితంలో 60 మార్కులు ఆకారిక్ అయితే 40 సంకలిత్, అంటే ఆఖర్లో ఒక పరీక్ష ఆదుకుంటుంది. ఆటలకు ఆ పరీక్ష లేదు. ఏడాది పొడుగునా చూసి రాసుకున్నదే మార్కు. రాసుకోకపోతే, ‘మా పోరనికి ఆటల తక్కువెందుకొచ్చింది సారూ?’ అని తండ్రి అడిగిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు.

ముందు, దేనికి మార్కులో తేల్చుకోండి

వేగానికి మార్కు వేయకండి. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పిల్లల మధ్య దాదాపు ఏడాది వయసు తేడా ఉండొచ్చు. ఏడేళ్ళప్పుడు ఆ ఏడాది అంటే ఎత్తులో, కాళ్ళ పొడుగులో, బలంలో కొట్టొచ్చినట్టు కనపడే తేడా. బడి తెరిచిన నాడే అందరికంటే ముందు ఉరికిన పిల్లవాడు ఏప్రిల్‌లో కూడా ముందే ఉరుకుతాడు. అందులో మనం నేర్పిందేమీ లేదు. మనం నేర్పింది ఎంతవరకు వచ్చిందో చెప్పేదే గ్రేడు.

అలాగే బరువు, బీఎమ్ఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క), బూట్లు, యూనిఫాం, హాజరు వీటికి మార్కులు పెట్టొద్దు. చెప్పుల్లేకుండా వచ్చిన పాపకు మార్కు తగ్గిస్తే అది ఆమె ఇంటి పరిస్థితికి వేసిన మార్కు అవుతుంది.

వందను నేను ఇలా పంచుతాను: కదలికల నైపుణ్యం 40, నలుగురితో కలిసి నియమం ప్రకారం ఆడటం 25, తన మునుపటి స్థాయి నుంచి మెరుగుపడటం 20, ఆరోగ్యం గురించి, ఆట గురించి నోటితో చెప్పడం 15. జీఆర్‌లో ఈ పంపకం ఉండదు, ఇది టీచరు ఇష్టం. మీ బడికి తగ్గట్టు మార్చుకోండి, కానీ సెషన్ మొదట్లోనే రాసి పెట్టుకోండి, మధ్యలో మార్చకండి.

సెషన్‌కు నాలుగు నైపుణ్యాలు చాలు

పాఠ్యక్రమంలో ఎన్ని ఉన్నా, గమనించి మార్కు వేయడానికి నాలుగు తీసుకోండి. ఒకటి, రెండు తరగతులకు ఒంటికాలి గెంతు, రెండు కాళ్ళతో దూకడం, పట్టుకోవడం, ఒంటికాలిపై నిలబడటం. మూడు, నాలుగుకు విసరడం, పట్టుకోవడం, బంతిని తన్నడం, దిశ మార్చుకుంటూ ఉరకడం. ఒంటికాలి గెంతుకు లంగడీ ఆట ఉండనే ఉంది, మన తొక్కుడు బిళ్ళ కూడా ఉంది. వేరే సామాను అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. ఒక్కో నైపుణ్యంలో మీ కన్ను దేన్ని చూడాలో మూడు నాలుగు మాటల్లో రాసుకోవాలి. విసరడమే తీసుకుందాం. గుడ్డబంతి ఇచ్చి గోడ మీద గీసిన గుండ్రానికి కొట్టమనండి. నేర్చుకోని పిల్లవాడు గోడకు ఎదురుగా రొమ్ము పెట్టి నిలబడతాడు, మోచేతి దగ్గర నుంచి మాత్రమే నెడతాడు, ఏ చేత్తో విసురుతాడో అదే వైపు కాలు ముందుకు వేస్తాడు, లేదా కాళ్ళు కదపనే కదపడు. నేర్చుకున్నవాడు పక్కకు తిరుగుతాడు, చెయ్యి చెవి వెనక్కి పోతుంది, కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమ కాలు ముందుకు పడుతుంది, బంతి వదిలాక కూడా చెయ్యి ఆగకుండా ఒంటికి అడ్డంగా కిందికి వస్తుంది. పక్కకు తిరగడం, చెయ్యి వెనక్కి, ఎదురు కాలు, చెయ్యి ఆగకపోవడం. ఈ నాలుగే మీ గుర్తులు. బంతి గుండ్రానికి తగిలిందా లేదా అన్నది ఇందులో లేదు, గమనించండి. పద్ధతి సరిగ్గా కుదిరిన పిల్ల ఇవాళ గురి తప్పినా రేపు కొడుతుంది. పద్ధతి లేనివాడు ఇవాళ అదృష్టం కొద్దీ కొట్టినా రేపు తప్పుతాడు.

పట్టుకోవడంలో చూపు బంతి మీద ఉందా, చేతులు ముందుకు చాచాడా, వేళ్ళతో పట్టాడా, రొమ్ముకు హత్తుకున్నాడా అని చూడాలి. ఒకటో తరగతిలో రొమ్ముకు హత్తుకోవడం తప్పు కాదు, ఆ వయసు మెట్టు అదే. దూకడంలో దిగేటప్పుడు మోకాళ్ళు వంగాయా, రెండు పాదాలూ ఒకేసారి ఆనాయా అన్నవి ముఖ్యం.

నాలుగు మెట్లు

ఒక్కో నైపుణ్యానికి పది మార్కులు అనుకుంటే:

చూపించినా ఇంకా రావడం లేదు: 4.
పక్కనుండి చూపిస్తే చేస్తుంది: 6.
ఎవరూ చెప్పకుండా తనంతట చేస్తుంది: 8.
ఆట హడావుడిలో కూడా అలాగే చేస్తుంది: 10.

మొదటి మెట్టుకు సున్నా ఎందుకు కాదంటే, ఆ పిల్ల వచ్చి ప్రయత్నించింది కాబట్టి. నాలుగో మెట్టు గురించి మాత్రం కాస్త గట్టిగా ఉండండి. లైనులో నిలబడి ఒక్కొక్కరుగా విసిరినప్పుడు బాగా చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఎదుటివాడు పరిగెత్తుకొస్తుంటే అదే పద్ధతి నిలబడితేనే పది.

ఒక పీరియడ్‌లో ఐదుగురినే చూడండి

ముప్పై మందినీ ఒకేరోజు చూడాలనుకుంటే ఎవరినీ చూడలేరు. బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో పేర్ల పట్టీ గీసి, ఆ రోజుకు ఐదుగురి పేర్ల కింద పెన్సిల్ గీత పెట్టుకోండి. వాళ్ళకు చెప్పొద్దు. మిగతావాళ్ళు ఆడుతూనే ఉంటారు, నాలుగో తరగతి పిల్లలకు లెజీమ్ (గలగలలాడే సాధనం పట్టుకుని చేసే కవాయతు) జట్టు అప్పగిస్తే చిన్నవాళ్ళను వాళ్ళే నడిపిస్తారు. మీరు ఆ ఐదుగురికి పక్కవైపు నిలబడండి. ఎదురుగా నిలబడితే చెయ్యి ఎంత వెనక్కి పోయిందో, ఏ కాలు ముందు పడిందో సరిగ్గా తెలియదు. ముప్పై మంది ఆరు పీరియడ్లలో అయిపోతారు, ఆ తర్వాత రెండో నైపుణ్యం.

ఇలా సెషన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూస్తే మెరుగుదల కోసం పెట్టిన 20 మార్కులకు ఆధారం దొరుకుతుంది. మొదట ఒంటికాలిపై ఐదారు సెకన్లు నిలిచిన పాప దీపావళికి ఇరవై నిలిస్తే ఆ 20లో పదహారో పదిహేడో ఇవ్వడానికి మనసు పీకక్కర్లేదు. మరి మొదటి రోజే బాగా చేసిన పిల్లల సంగతి? వాళ్ళకు కష్టం పెంచండి: కళ్ళు మూసుకుని నిలబడమనండి, ఎడమ చేత్తో విసరమనండి, ఇంకొకరికి నేర్పమనండి. అందులో వచ్చిన ముందడుగే వాళ్ళ మెరుగుదల.

మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కవాయతులో హిందీ ఆజ్ఞలు. ఒకటో తరగతి పిల్ల కుడికి తిరగమంటే ఎడమకు తిరిగిందంటే ఒంటిమీద అదుపు లేక కాకపోవచ్చు, మాట అర్థం కాక కావచ్చు. మొదటి ఏడాది ప్రతి ఆజ్ఞనూ చేసి చూపిస్తూ చెప్పండి. నోటి ప్రశ్నలకు జవాబు ఏ భాషలో చెప్పినా మార్కు ఇవ్వండి. ‘ఉరికాక గుండె ఎందుకు గబగబా కొట్టుకుంటుంది?’ అంటే తెలుగులో చక్కగా చెప్పే పిల్ల మరాఠీలో తలవంచుకుంటుంది.

ఫిట్‌నెస్ పరీక్షలు: చేయండి, గ్రేడులో కలపకండి

కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా బడి పరీక్షల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా బీఎమ్ఐతో పాటు రెండే ఉన్నాయి: ఫ్లెమింగో బ్యాలెన్స్, ప్లేట్ ట్యాపింగ్. మొదటిదానికి 50 సెంటీమీటర్ల పొడవు, 5 ఎత్తు, 3 వెడల్పు ఉన్న చెక్క కావాలి. ఊళ్ళో వడ్రంగి చేసిస్తాడు. దానిమీద ఒంటికాలితో నిలబడి రెండో కాలిని వెనక్కి మడిచి పట్టుకోవాలి, నిమిషంలో ఎన్నిసార్లు పట్టు తప్పిందో లెక్క. రెండోదానికి టేబుల్ మీద సుద్దతో 20 సెంటీమీటర్ల గుండ్రాలు రెండు గీయండి, కేంద్రాల మధ్య 60 ఉండాలి. మధ్యలో ఒక చెయ్యి ఆనించి, వాటం ఉన్న చేత్తో ఆ చేతి మీదుగా అటూ ఇటూ 25 రౌండ్లు కొట్టాలి. ఫోన్‌లో టైమ్ చూస్తే సరిపోతుంది. పిల్లలు దీన్ని ఆటలాగే ఆడతారు.

నాలుగో తరగతి నుంచి 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, కర్ల్-అప్ (వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపడం), పుష్-అప్ వస్తాయి. మైదానం చిన్నదైతే 15 మీటర్ల చదరం ముగ్గుతో గీయండి, పది చుట్లు తిరిగితే 600.

ఈ 600 దగ్గరే జాగ్రత్త. గడ్చిరోలి జిల్లాలో, ముఖ్యంగా ఆదివాసీ గూడేల్లో, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి పిల్లలకు ఒంట్లో నీరు తగ్గినా, మితిమీరి అలసినా కీళ్ళు, ఎముకలు భరించలేనంతగా నొప్పి పుడతాయి. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక రక్తపరీక్షలు పెరిగాయి, చాలా ఇళ్ళలో ఆ ఫలితం రాసిన కార్డు ఉంటుంది. బడి తెరవగానే తల్లిని పక్కకు పిలిచి అడగండి, పట్టీలో అందరికీ కనపడేలా రాయకండి. మూడో చుట్టులో కూర్చుండిపోయిన పిల్లవాణ్ని బద్ధకస్తుడని రాసేముందు ఒకసారి ఆగాలి. నడుస్తానంటే నడవనివ్వండి, మధ్యలో నీళ్ళు తాగించండి. ఒంటిపూట బడి పెట్టే మార్చి, ఏప్రిల్‌లో పరుగు పరీక్ష పొద్దున్నే మొదటి పీరియడ్‌లో అయిపోవాలి. ఆ తర్వాత మన ఎండల్లో వద్దే వద్దు.

పిల్లల కళ్ళూ పనికొస్తాయి

ఇద్దరిద్దరిని జోడీ కట్టి, ఒకరు విసురుతుంటే ఇంకొకరిని ఒకే ఒక్కటి చూడమనండి: ‘ఎదురు కాలు ముందుకొచ్చిందా?’ రెండు అడిగితే గందరగోళం. ఆ చెప్పినదాన్ని మార్కుల్లో కలపొద్దు, స్నేహాలూ కోపాలూ అందులోకి వచ్చేస్తాయి. అయితే చూసినవాడి విసురు కూడా బాగుపడుతుంది, మీకు కావలసింది అదే.

కూడి, గ్రేడు వేయడం

మూడో తరగతి పాప ఒకతెకు విసరడం 8, పట్టుకోవడం 8, దిశ మార్చి ఉరకడం 10, తన్నడం 6 వచ్చాయనుకుందాం: 32. కలిసి ఆడటంలో 25కు 20, మెరుగుదలలో 20కి 16, నోటితో చెప్పడంలో 15కు 11. మొత్తం 79. జీఆర్ పట్టిక ప్రకారం 91 నుంచి అ-1, 81 నుంచి అ-2, 71 నుంచి బ-1, 61 నుంచి బ-2, 51 నుంచి క-1, 41 నుంచి క-2, 33 నుంచి డ, ఆ కింద ఇ. పాపకు బ-1. ఇక్కడ రెండు మార్కులు కలిపి అ-2 చేద్దామా అనిపిస్తుంది. మెరుగుదల గడి మళ్ళీ చూడండి, నిజంగా తగ్గించి వేసి ఉంటేనే మార్చండి. ఈ పద్ధతిలో రోజూ వచ్చే పిల్లకు ఆటల్లో డ కంటే కిందికి పోవడం దాదాపు జరగదు. పోయిందంటే పిల్లను కాదు, మీ పట్టీని ఒకసారి సరిచూసుకోండి.

వర్ణనాత్మక నోంద్ (గ్రేడు పక్కన మాటల్లో రాసే వ్యాఖ్య) రాసేటప్పుడు రెడీమేడ్ వాక్యాల పుస్తకం పక్కన పెట్టండి. ‘ఆటల్లో చురుకుగా పాల్గొంటాడు’ అన్నది ఏ పిల్లవాడికైనా అతుకుతుంది. ‘పక్కకు తిరిగి విసరడం వచ్చింది, ఎదురు కాలు ఇంకా మరిచిపోతున్నాడు’ అని రాస్తే అది ఒక్క పిల్లవాడిదే. పై తరగతి టీచరుకు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

దివ్యాంగ పిల్లలకు గుర్తులే మార్చుకోవాలి. ఒక కాలు సరిగ్గా లేని పిల్లవాడికి గెంతు బదులు కూర్చుని విసరడం పెట్టి, అందులోనే నాలుగు మెట్లు చూడండి. స్కోరు రాసే పని అప్పగించి పక్కన కూర్చోబెట్టడం ఆట కాదు.

ఇక మిర్చి కోతలకు పోయే ఇళ్ళు. చలికాలం చివర్లో కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణ వైపు పోతాయి, పిల్లలూ వాళ్ళతోపాటే. పట్టీలో ఆ వారాలు ఖాళీగా ఉంటాయి, ఆ ఖాళీల్లో సున్నా రాయకండి, ‘చూడలేదు’ అని గీత పెట్టండి. తిరిగొచ్చాక రెండు మూడు పీరియడ్లలో మిగిలిన నైపుణ్యాలు చూడొచ్చు. నాలుగింటిలో రెండే చూడగలిగితే ఆ రెండింటి మార్కులను 40కి పెంచి లెక్కకట్టండి, పక్కన ఆ మాట రాయండి. పోయేముందు తల్లిదండ్రులు టీసీ అడిగితే పట్టీలో ఆ పిల్ల వరుసను ఒక కాగితం మీద ఎత్తి రాసి ఇవ్వండి, అక్కడి బడిలో ఎవరైనా అడిగితే చూపించుకుంటారు.