మందు కొట్టినా ఊద చావలేదా? ముందు ఆకు చూడండి

కలుపు మందు కొట్టి పది రోజులైనా వరిలో ఊద గడ్డి పచ్చగానే ఉంటే మనం ముందు అనే మాట ఒక్కటే: "డూప్లికేట్ మందు అంటగట్టాడు." ఒక్కోసారి అదే నిజం కావచ్చు. ఎక్కువసార్లు మాత్రం మందు మంచిదే, ఆకులోకి దిగలేదంతే. డోసు పెంచే ముందు చిన్న పరీక్ష చేయండి. గ్లవుజులు వేసుకుని, ట్యాంకులో కలిపిన మందు నీళ్లు నాలుగు చుక్కలు కలుపు ఆకు మీద వేసి, ఆకును కొంచెం వంచి చూడండి.

చుక్క ముత్యంలా నిలబడి జారిపోతోంది

ఊద ఆకు మీద కంటికి కనపడని మైనపు పొలుసులుంటాయి. చుక్క వాటి కొనల మీదే కూర్చుంటుంది, కింద గాలి ఉంటుంది. చేమాకు మీద జరిగేదీ ఇదే. పైగా ఊద ఆకు సన్నం, నిటారు. పెద్ద చుక్క పడితే ఎగిరి బురదలో పడుతుంది.

దీనికి స్ప్రెడర్ (చుక్కను ఆకు మీద పరుచుకునేలా చేసే ద్రవం) కలపాలి, లేబుల్ మీద రాసినంతే. కొందరు షాంపూ ప్యాకెట్లు పోస్తారు. నురగ తప్ప నమ్మకంగా ఒరిగేదేమీ లేదు. స్ప్రెడర్ ఎక్కువ పోసినా నష్టమే: ఆకు కొస నుంచి మందు కారుతోందంటే మోతాదు దాటినట్టే, లేదా నీళ్లు ఎక్కువైనట్టే. నాజిల్ ఫ్లాట్ ఫ్యాన్‌దై (మందును విసనకర్రలా పలచగా చిమ్మేదై) ఉండాలి.

వరిలో బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకు 80–100 మి.లీ. ఊద 2–4 ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి. లేత ఆకు మీద మైనం పలచన. పొలంలో నీళ్లు తీసేయకుండా కొడితే మునిగిన ఆకుకు మందే తగలదు. నీళ్లు తీసి కొట్టి, రెండు మూడు రోజులకు మళ్లీ పెట్టండి. వరి ఏదో ఊద ఏదో తేలకపోతే ఆకు కాండాన్ని కలిసేచోట చూడండి: వరికి అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు.

మచ్చలు మచ్చలుగా మాడి, మళ్లీ చిగురిస్తోంది

గడ్డిచేమంతి, వయ్యారిభామ లాంటి నూగు ఆకులతో వచ్చే తంటా ఇది. చుక్క వెంట్రుకల మీదే ఆగి, ఆకును తాకకముందే ఆరిపోతుంది. స్ప్రెడర్ వేస్తే చుక్క వెంట్రుకల సందుల్లోకి దిగుతుంది. తాకిన చోట మాత్రమే మాడ్చే మందైతే ఆకంతా తడవాల్సిందే, అక్కడ నీళ్లకు పిసినారితనం పనికిరాదు.

బెట్టలో కొట్టాం, ఏమీ కాలేదు

నీటి ఎద్దడికి ఆకు పైపొర మందమవుతుంది, ఆకు ముడుచుకుంటుంది. మధ్యాహ్నపు ఎండలో కొడితే నీళ్లు ఎగిరిపోయి మందు ఉప్పులా ఆకు మీదే ఎండిపోతుంది. నీటిలో కరిగే మందు తడి ఉన్నంతసేపే లోపలికి పోతుంది. వాన పడో, తడి పెట్టో కలుపు తేరుకున్నాక ఉదయం కొట్టండి. మంచు బాగా కురిసిన రోజు ఆరేదాకా ఆగండి, లేదంటే మందు మంచుతో కలిసి కారిపోతుంది.

గట్ల మీద గ్లైఫోసేట్ పనిచేయలేదు

రోడ్డు దుమ్ము, కాలువ బురద నీళ్లు: ఈ రెండింటినీ అనుమానించండి. గ్లైఫోసేట్ మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుంటుంది, ఇక ఆకుకు మిగలదు. ఉప్పు బోరు నీళ్లలోని కాల్షియం కూడా దాన్ని కట్టేస్తుంది. తేటనీళ్లే వాడాలి, నీళ్లు చౌడువైతే ముందుగా లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ కరిగించాలి. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది, కాబట్టి సొంతంగా కొట్టే మందు కాదిది.

తుంగ పైన ఎండింది, 20 రోజులకు మళ్లీ లేచింది

తుంగ ఆకు నున్నగా మెరుస్తుంది, స్ప్రెడర్ లేకపోతే చుక్క ఆగదు. అది సరిచేసుకున్నా మళ్లీ లేస్తే తప్పు ఆకుది కాదు. ఒక మొక్కను తవ్వి చూడండి: గొలుసులా వరసగా గడ్డలుంటాయి. మందు అన్నింటికీ అందదు. మిగిలినవి మొలిచి, కొత్త ఆకులు బాగా విచ్చాక రెండోసారి కొట్టాలి.